కన్నీళ్ళకి ఆరు మార్కులు

దొంగని పట్టుకోలేని పోలీసుల్ని మీరు చాలామందినే చూసుంటారు. నిజం తనంతట తానే నడిచొచ్చి, సెల్యూట్ కొట్టి ఎదురుగా నిలబడితే, "నటన కుదర్లేదు" అని వెనక్కి పంపిన పోలీసుని మాత్రం చూసుండరు. చూడాలనుంటే మెల్‌బోర్న్‌కి ఉత్తరాన క్రెయిగీబర్న్ దాకా రండి. టీ ఇస్తాను. విని నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నేను కూడా ఈ కథ నవ్వుతూనే మొదలెడతాను. చివరిదాకా నవ్వుతూ చెప్పడం మాత్రం ఇంతవరకూ చేతకాలేదు.

నా పేరు రమణ, మాది ఒంగోలు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని మీద ఈ దేశం వచ్చాను. ఆరేళ్ళపాటు ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి వెతికి, విసుగొచ్చి, సిటిజన్‌షిప్ రాగానే పోలీసులో చేరాను. మా మామగారు ఫోన్లో మా ఆవిడతో, "లోకంలో అందరూ పోలీసు పని మానేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోదామని చూస్తుంటే మీ ఆయనేంటమ్మా వన్‌వేలో ఎదురెళ్తున్నాడు?" అని వాపోయారట. ఆయనకి జవాబు చెప్పాలంటే ఒక్కటే దారి, ప్రమోషన్. భుజం మీద మూడు చారలు పడాలి, సార్జెంటునవ్వాలి. నాలుగేళ్ళ కిందట ఆ పరీక్షకి కట్టాను.

రాత పరీక్ష నాకు లెక్కలోది కాదు. చట్టాలంటే సెక్షన్లు, సెక్షన్లంటే బట్టీ, బట్టీ అంటే నేను. ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివినవాణ్ణండీ! అర్థం కాని ఫిజిక్సు పాఠాన్ని కామాలతో సహా మింగి, పరీక్ష హాల్లో కామాలతో సహా కక్కినవాణ్ణి. రాత పరీక్ష సునాయాసంగా గట్టెక్కాను.

అసలు గండం రెండోది. దాని పేరు సినారియో. ఒక గదిలో ముగ్గురు పెద్ద ఆఫీసర్లు కూర్చుంటారు. మన కింద పనిచేసే కానిస్టేబుల్ వేషంలో ఒక యాక్టరు లోపలికొస్తాడు. వారం నుంచి డ్యూటీకి ఆలస్యంగా వస్తున్నాడు. ఎందుకో కనుక్కుని, ధైర్యం చెప్పి, చెయ్యాల్సింది చెయ్యాలి. పావుగంట టైము. అంటే ఏమిటన్నమాట? మనిషితో మనిషిలా మాట్లాడాలి. దీనికి గైడు ఎక్కడ దొరుకుతుంది?

దొరికిందండీ. ఎవరో రాసుకున్న నోట్సు సంపాదించాను. అందులో నాలుగు మెట్లున్నాయి: విను, బాధని గుర్తించు, అడుగు, దారి చూపించు. ఒక్కో మెట్టుకి మూడేసి వాక్యాలు నేనే రాసుకుని బట్టీ పట్టాను. దయ, కరుణ, ఓదార్పు, మొత్తం పన్నెండు వాక్యాల్లో పూర్తి.

మొదటి ప్రయోగం మా ఆవిడ శ్రావణి మీద చేశాను.

"శ్రావణీ, నువ్వు లేటుగా వచ్చిన కానిస్టేబుల్‌వి అనుకో."

"అనుకోవడమెందుకు, నిజంగానే లేటయ్యాను. ట్రెయిన్ పోతుంది."

"ఐ కెన్ సీ దిస్ ఈజ్ హార్డ్ ఫర్ యూ."

"ఆ టిఫిన్ డబ్బా మూత రావట్లేదు, అదీ హార్డు. కాస్త పట్టి తియ్యి."

పక్కన సీరియల్ తింటున్న మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. తలెత్తకుండానే, "డాడ్, యూ సౌండ్ లైక్ ద బ్యాంక్ ఫోన్ మెసేజ్" అంది. పసిపిల్లల మాటలు దేవుడి మాటలంటారు. ఆ దేవుడి మాట ఆనాడే విని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

గుమ్మం దాటుతూ శ్రావణే ఉపాయం చెప్పింది. "నాలుగిళ్ళ అవతల కోటేశ్వరరావు అంకుల్ ఉన్నారుగా. ఆయనా పోలీసే, పైగా నాటకాలు కూడా వేసేవాళ్ళట. ఆయన్ని పట్టుకో, మమ్మల్ని వదులు."

కోటేశ్వరరావు అంకుల్ గుంటూరు జిల్లాలో ముప్పై రెండేళ్ళు పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. భార్య భారతి ఆంటీతో కలిసి అప్పటికి మూడేళ్ళ ముందే కూతురు సుజాత దగ్గరికి వచ్చేశారు. నేను విషయం చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"మూడు చారలు మనోడి భుజం మీద చూడాలయ్యా! నా సర్వీసంతా చారలున్నోళ్ళకి గొడుగు పట్టడమే సరిపోయింది. చెప్పు, ఏం వెయ్యమంటావు వేషం?"

ఆ రోజు నుంచి డ్యూటీ లేని ప్రతి సాయంత్రం మా వీధి చివర పార్కులో మా ఇద్దరి రిహార్సల్సు. ఆంటీ ఫ్లాస్కులో టీ, డబ్బాలో చేగోడీలు పంపేవారు. పోలీసు బుర్ర కదా, నిబంధనలు కూడా నేనే పెట్టాను.

"అంకుల్, ముందుగా చెప్పొద్దు. ఎప్పుడు పడితే అప్పుడు మొదలెట్టెయ్యండి. మీరు లేచి సెల్యూట్ కొట్టి 'సార్' అన్నారంటే నేను సార్జెంటుని, మీరు నా కానిస్టేబుల్. అయ్యాక నా జవాబుకి మీరు మార్కులెయ్యండి, మీ నటనకి నేను పదికి వేస్తాను."

"నాకెందుకయ్యా మార్కులు?"

"పరీక్షలో వచ్చే యాక్టరుకి దగ్గరగా ఉండాలి కదంకుల్. లేకపోతే నా ప్రాక్టీసు పాడవుతుంది."

చూశారా పొగరు! ఇంకా కోడి కూయకముందే కొక్కొరోకోకి మార్కులు వేస్తానన్నాను.

అంకుల్ మాత్రం చెలరేగిపోయారు. ఒకరోజు అప్పులపాలైన కానిస్టేబుల్, మరోరోజు పెళ్ళాం పుట్టింటికెళ్ళిన కానిస్టేబుల్. కూరగాయల షాపులో నేను బెండకాయలు విరిచి చూసుకుంటుంటే వెనకనుంచి ధడేల్మని బూట్ల చప్పుడు, సెల్యూట్. "సార్! నిద్ర పట్టట్లేదు సార్!" నేను చేతిలో బెండకాయతోనే, "మీరు చెప్పేది వింటున్నాను. ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని మొదటి మెట్టెక్కేశాను. షాపువాడు ఆ రోజు నుంచి నన్ను బెండకాయలు విరవనిస్తున్నాడు.

తాగుబోతు కానిస్టేబుల్ వేషం వేసిన రోజు గొడవైపోయింది. పార్కులో అటూ ఇటూ తూలుతూ, నా కాలర్ పట్టుకుని, భోరుమంటుంటే, కుక్కతో నడకకొచ్చిన ఒకావిడ భయపడి పోలీసులకి ఫోన్ చేసింది. వచ్చింది ఎవరనుకున్నారు? మా స్టేషన్ వాళ్ళే, ఇద్దరు.

"రమణా, నువ్వా! ఈ పెద్దాయన నిన్నేమైనా ఇబ్బంది పెడుతున్నాడా?"

"లేదు మేట్, ఈయన నా కానిస్టేబుల్."

"నీకు కానిస్టేబుల్ ఎప్పుడొచ్చాడు?"

నేను నీళ్ళు నములుతుంటే అంకుల్ వేషం వదలకుండా, "జాలి పడొద్దు సార్! సస్పెండ్ చెయ్యండి సార్!" అని నా కాళ్ళ మీద పడ్డారు. స్టేషన్లో నెల రోజులు నన్ను సార్జెంటనే పిలిచారు, ఆ పిలుపులో గౌరవం మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

దాంతో నాకు అంకుల్ మీద కోపమొచ్చింది. "అంకుల్, అంత ఓవరాక్షన్ వద్దు. ఇక్కడివాళ్ళు ఏడ్చినా జలుబు చేసినట్టు ఏడుస్తారు. బాగా తగ్గించాలి" అని క్లాసు పీకాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. "సరే సార్, తగ్గిస్తా" అన్నారు.

పరీక్ష గురువారం. మంగళవారం సాయంత్రం ఆఖరి రిహార్సల్. అంకుల్ వచ్చారు, చేతిలో ఫ్లాస్కు లేదు.

"టీ ఏదంకుల్?"

"మీ ఆంటీకి ఒంట్లో నలతగా ఉందయ్యా."

"అయ్యో," అని నా నోట్సులో మూడో మెట్టు మరోసారి చూసుకున్నాను. నేరం జరిగిన చోట వేలిముద్రల దగ్గర్నుంచి కత్తి దాకా అన్నీ కళ్ళముందు పడి ఉంటే, వాటిని దాటుకుంటూ వెళ్ళి గోడమీద క్యాలెండర్ చూసిన డిటెక్టివ్‌ని నేను.

అంకుల్ బెంచీ మీద కూర్చుని కండువా మడతపెట్టి, మళ్ళీ విప్పారు. తర్వాత లేచి, చొక్కా సర్దుకుని, సెల్యూట్ కొట్టారు.

"సార్."

నేను ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను. "చెప్పండి."

"వారం నుంచి డ్యూటీకి ఆలస్యంగా వస్తున్నా సార్. మన్నించాలి."

"మీరు చెప్పేది వింటున్నాను. ఇంట్లో అంతా బాగానే ఉందా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. మౌనాన్ని గౌరవించాలని నోట్సులో ఉంది కాబట్టి నేనూ గౌరవించాను.

"మా ఆవిడకి కడుపులో గడ్డంట సార్. లివర్ దాకా పాకిందంట. గురువారం పెద్ద డాక్టరు రమ్మన్నాడు."

"ఇది మీకు ఎంత కష్టంగా ఉందో నాకు కనబడుతోంది."

"అమ్మాయికి ఎనిమిదో నెల సార్. పురుడయ్యేదాకా దానికి చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. నాకేమో ఇంగ్లీషు అంతంతమాత్రం. డాక్టరు ఏమడుగుతాడో, నేనేం చెప్తానో. గురువారం ఎవరన్నా తోడొస్తే బాగుండు సార్. ఒక్కడినే పోవాలంటే…"

అక్కడ ఆగిపోయారు. తర్వాత ఏడ్చారు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా, ముక్కూ నోరూ ఏకమయ్యేలా. నాకు ఒళ్ళు మండిపోయింది. తగ్గించమని అంత చెప్పాను కదా!

"గురువారం మీకు సెలవు ఇస్తున్నాను," అన్నాను నాలుగో మెట్టు మీద నిలబడి. "మన శాఖలో సంక్షేమ విభాగం ఉంది. నంబరు ఇస్తాను, మాట్లాడండి. మీరు ఒంటరివారు కారు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం." స్టాప్‌వాచ్ ఆపాను. "పదకొండు నిమిషాలు! అంకుల్, అన్ని మెట్లూ పడ్డాయా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పడ్డాయి బాబూ."

"నాకెన్ని?"

"నీకేం, తొమ్మిది."

"మీకు మాత్రం ఆరే అంకుల్. కథ అదిరింది. అమ్మాయికి ఎనిమిదో నెల అనడం సూపర్. ఏడుపు దగ్గరే దెబ్బతింది, నమ్మేట్టు లేదు."

"నమ్మేట్టు లేదా?"

"లేదంకుల్."

"అంతేలే. నాకు ఏడవడం అలవాటు లేదు," అని లేచారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "గురువారం బాగా చెయ్యి," అన్నారు.

బాగానే చేశాను. గురువారం పది గంటలకి నా ఎదురుగా కూర్చున్న యాక్టరు ఒకమ్మాయి. వాళ్ళమ్మకి జబ్బు. ఇంకేముంది, మొన్న చదివిన ప్రశ్నే పేపర్లో వచ్చినట్టయింది! నా గొంతులో కరుణ కట్టలు తెంచుకుంది. సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను, ఎక్కడ నిట్టూర్చాలో అక్కడ నిట్టూర్చాను. బయటికొస్తుంటే పెద్దాఫీసరు చెయ్యి కలిపి, ఆ అమ్మాయి గోడు వినేవాళ్ళు ఒకరున్నారని తనకి నమ్మకం కలిగిందన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, స్వీట్ షాపులో మైసూర్‌పాక్ కొనుక్కుని, నేరుగా అంకుల్ ఇంటికి బయల్దేరాను, ఇంట్లో ఓడిపోయిన సంగతి తెలుసుకోవడానికి.

ఆంటీ తలుపు తీశారు. ఆవిణ్ణి నేను రెండు నెలలుగా చేగోడీల రూపంలోనే చూస్తున్నాను. మనిషి సగమైపోయారు. బుగ్గలు లోపలికి పోయి, చీర ఒంటి మీద నిలవడం లేదు.

"రా బాబూ. సుజాతా వాళ్ళూ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, ఆయన పడుకున్నారు. పొద్దున్నుంచీ హాస్పిటల్లోనే సరిపోయింది."

"హాస్పిటలా? ఎవరికాంటీ?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "మొన్న పార్కులో నీకు చెప్పానన్నారే?"

నా చేతిలో డబ్బా ఉంది కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వెతుక్కునే బాధ తప్పింది. మంగళవారం నాటి పదకొండు నిమిషాలూ ఒక్కొక్క మాటే మళ్ళీ వినబడ్డాయి. నాకు బతకాలనిపించలేదు, నిజంగా చెప్తున్నాను.

"ఆంటీ… నేను… వేషమనుకున్నాను."

"ఆయనకీ తెలుసు. ఇంటికొచ్చి ఆరు మార్కులొచ్చాయని చెప్పి నవ్వారు."

మా మాటలకి అంకుల్ లేచొచ్చారు. "ఏమయ్యా సార్జెంటూ, ఎట్లా చేశావు?" అన్నారు. ఇద్దరిలో పరీక్ష నాదే అన్నట్టు!

"నిజమని ఎందుకు చెప్పలేదంకుల్? చెంప మీద ఒక్కటిచ్చి చెప్పాల్సింది."

ఆయన కుర్చీలో కూర్చుని, మెల్లగా అన్నారు. "మామూలుగా చెప్దామని వారం నుంచీ చూస్తన్నా. నోరు పెగలలా. ముప్పై రెండేళ్ళు చేశాను, ఇంట్లో అంతా బాగుందా అని ఒక్క సారూ అడగలా. నువ్వు రోజూ అడుగుతున్నావు. బట్టీ పట్టి అడిగితే ఏం, అడిగావు గదా. సెల్యూట్ కొట్టాక తేలికయింది, చెప్పేశా."

"డాక్టరేమన్నాడు?"

"ఏమో. ఎస్ అన్నా, ఓకే అన్నా, థాంక్యూ అన్నా. ఫోన్లో తెలుగావిణ్ణి కలుపుతామన్నారు. వద్దన్నా. మొహం తెలియని మనిషి నోటమ్మట ఆ మాట వినబుద్ధి కాలా. ఎన్నాళ్ళుంటదని అడుగుదామనే పోయా. అడగలా."

అప్పుడు ఆంటీ మైసూర్‌పాక్ ముక్క తుంచుకుంటూ అన్నారు. "ఏమైనా ఆరు మార్కులు మరీ అన్యాయం బాబూ. నలభై రెండేళ్ళ కాపరంలో ఆయన నా కోసం ఏడవడం అదే మొదలు. నాకు చూసే యోగం లేదు, నువ్వు చూశావు. కనీసం తొమ్మిదన్నా వెయ్యాల్సింది."

ముగ్గురం నవ్వాం. నా నవ్వు మధ్యలోనే దారి తప్పి ఏడుపైపోయింది. జలుబు చేసినట్టు కాదు, ముక్కూ నోరూ ఏకమయ్యేలాగే. అంకుల్ నా ఏడుపుకి మార్కులు వెయ్యలేదు. పెద్దమనిషి.

హాస్పిటల్ వాళ్ళిచ్చిన కాగితాలు టేబుల్ మీదే ఉన్నాయి. చదివి చెప్పమన్నారు. చదివాను. జబ్బు నయమయ్యేది కాదు, మిగిలింది కొన్ని నెలలే. సోమవారం నుంచి గట్టి మందు ఎక్కించడానికి ఒప్పుకున్నట్టు కింద అంకుల్ చూపించిన చోట ఆంటీ సంతకం. ఆ మందు ఆయుష్షు కాస్త పెంచినా మనిషిని మంచానికి అతికిస్తుందని కూడా రాసుంది. నాలుగు మెట్లలో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ రెండు ముక్కలూ తెలుగులో చెప్పడానికి నాకు గంట పట్టింది.

ఆంటీ శ్రద్ధగా విన్నారు. "నాకు ఎక్కువ రోజులేం వద్దు బాబూ. సుజాత బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకునే ఓపిక ఉంటే చాలు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పగలవా?"

చెప్పాను. సోమవారం సెలవు పెట్టి, ఇద్దరితోనూ వెళ్ళి, డాక్టరు ముందు కూర్చుని చెప్పాను. ఆయన గట్టి మందు తీసేసి కాగితం మార్చి రాశాడు. తర్వాత ప్రతిసారీ నేనే వెళ్ళాను. సుజాతకి ఆడపిల్ల పుట్టింది. ఆంటీ మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చునేవారు. సుజాతకి సంగతి చెప్పే పని కూడా నాకే అప్పగించారు, అదీ చెప్పాను. చలికాలం నడిమధ్యలో ఆంటీ పోయారు. అన్నిటికీ ఉన్నాను. ఆ గురువారం మాత్రం అంకుల్ ఆ డాక్టరు ఎదురుగా మాట సాయానికి ఎవరూ లేకుండా కూర్చుని ఎస్, ఓకే, థాంక్యూ అన్నారు. ఆ పూట నేను ఒక యాక్టరుని ఓదారుస్తున్నాను. ఎన్ని సెలవులు పెట్టినా ఆ ఒక్క పూట మాత్రం తిరిగి రాలేదు.

ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. 'సహజమైన సానుభూతి' అనే గడిలో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే. ఆ కాగితాన్ని శ్రావణి ఫ్రేము కట్టిస్తానంటే చేతులు పట్టుకుని బతిమాలి ఆపాను. అంకుల్ మాత్రం నా భుజం మీద మూడు చారలూ చేత్తో తడిమి చూసుకున్నారు.

కాబట్టి, మహాజనులారా, మా ఒంగోలు నేల మీదా, నా మూడు చారల మీదా ప్రమాణం చేసి చెప్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి కన్నీళ్ళకీ మార్కులు వెయ్యను. ఎదుటివాడు కంటతడి పెట్టుకుంటే చాలు, అది నాటకమైనా సరే నిజమనే నమ్ముతాను. మోసపోతే మోసపోయాను. ఈ వ్రతం కఠినంగానే సాగుతోందని కూడా మనవి చేసుకుంటున్నాను. నా కింద పనిచేసే ఒక కానిస్టేబుల్‌కి ఈ ఏడాది ఇప్పటికి ముగ్గురు అమ్మమ్మలు పోయారు. మూడో ఆవిడ పోయినప్పుడు కూడా లేచి నిలబడి, అతని భుజం మీద చెయ్యేసి, "నీకు తోడు రమ్మంటావా?" అని అడిగాను.